గాల్ బ్లాడర్ కోడ్‌లూ, మా అత్త సీసాలో రాళ్ళూ

మా మేనత్తకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిందని బావ ఫోన్ చేసి చెబితే, ఎలా ఉందని అడగాల్సింది పోయి "అక్యూటా, క్రానిక్కా?" అని, అంటే కొత్తగా వచ్చిన వాపా, పాతదా అని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "నీకు ముదిరిందే" అన్నాడు. నిజమే. తొమ్మిదేళ్ళుగా అమెరికా పేషెంట్ల చార్టులు చదివి చదివి, ఎవరికి ఏ జబ్బు చేసిందని విన్నా బుర్రలో ముందు కోడ్ తయారవుతుంది, మనిషి ఆ తర్వాత గుర్తొస్తుంది.

నేను మెడికల్ కోడర్‌ని. మా ఊళ్ళో కోడింగ్ అంటే సాఫ్ట్‌వేర్ అనే లెక్క. మెడికల్ అనే మాట పట్టుకున్నవాళ్ళేమో జ్వరమొస్తే ఏ మాత్ర వేసుకోవాలని అడుగుతారు. మా నాన్నమ్మ అయితే చివరిదాకా నేను అమెరికా వాళ్ళకి మందులు పంపిస్తున్నాననే నమ్మింది. అసలు పని ఇది: అక్కడ పేషెంట్ ఆసుపత్రికి వెళ్ళొచ్చాక డాక్టర్ రాసిన నోట్స్, స్కాన్ రిపోర్టులు, ఆపరేషన్ నోట్ అన్నీ మా స్క్రీన్ మీదికి వస్తాయి. జబ్బుకి ఐసీడీ-10-సీఎం అనే పుస్తకం ప్రకారం ఒక కోడ్, చేసిన పనికి సీపీటీ అనే ఇంకో పుస్తకం ప్రకారం ఇంకో కోడ్ ఇవ్వాలి. వాటిని చూసే ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బులిస్తారు, లేదా ఎందుకివ్వాలని వెనక్కి పంపుతారు. ఆ పేషెంట్ ఎవరో, ఎలా ఉంటారో మాకు తెలీదు. వాళ్ళ గాల్ బ్లాడర్ గోడ మందం ఎన్ని మిల్లీమీటర్లో మాత్రం తెలుసు.

బీఫార్మసీ అయ్యాక ఖమ్మం నుంచి అమీర్‌పేట వచ్చి హాస్టల్లో దిగినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అప్పటికి ఐసీడీ-10-సీఎం వచ్చి ఏడాది కూడా కాలేదు. 2015 అక్టోబర్ 1 దాకా అమెరికాలో పాత ఐసీడీ-9 నడిచింది, మా ట్రైనర్‌కి ఇంకా నోటికి పాత నంబర్లే వచ్చేవి, గాల్ స్టోన్స్ అంటే 574 అనేసి "సారీ సారీ, కె80" అని దిద్దుకునేవారు. మిగతా ప్రపంచంలో చాలా దేశాలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పదికి మారిపోయాయి. వింతేంటంటే ఈ పుస్తకం డబ్బుల కోసం పుట్టింది కాదు. 1893లో జాక్ బెర్టియాన్ అనే ఫ్రెంచాయన మనుషులు దేనివల్ల చనిపోతున్నారో లెక్కపెట్టడానికి ఒక పట్టిక తయారుచేశాడు, అది పెరిగి పెరిగి 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది. చావుల లెక్క కోసం పుట్టిన పట్టిక ఇప్పుడు బిల్లుల పుస్తకం అయి కూర్చుంది.

సీపీసీ అనే కోడర్ల సర్టిఫికెట్ పరీక్ష నేను రాసినప్పుడు 150 ప్రశ్నలు, ఐదు గంటల నలభై నిమిషాలు. పుస్తకాలు పక్కన పెట్టుకుని రాయొచ్చు. ఇంట్లో ఆ మాట చెప్పి తప్పు చేశాను, "చూసి రాసే పరీక్షకి ఇన్ని వేలు ఫీజా" అని మా నాన్న. చూసి రాయడమే కష్టమని ఆయనకి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

సరే, గాల్ బ్లాడర్. మన భాషలో పిత్తాశయం. లివర్ కింద చిన్న బేరిపండు అంత సంచి, లివర్ చేసే పసరుని దాచిపెట్టి, మనం నూనెవి, నెయ్యివి తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. ఆ పసరు చిక్కబడి గడ్డకడితే రాళ్ళు. రాయి మెడ దగ్గరో గొట్టంలోనో అడ్డం పడితే నొప్పి, సంచి వాస్తే కోలిసిస్టైటిస్, రాయి జారి పెద్ద గొట్టంలో పడితే కామెర్లు, ఇంకాస్త కిందికి పోయి ప్యాంక్రియాస్ దారికి అడ్డుపడితే ప్యాంక్రియాటైటిస్, దాని కోడ్ మళ్ళీ వేరే చోట, కె85.1 దగ్గర. ఇంత చిన్న సంచికి పుస్తకంలో కె80 నుంచి కె83 దాకా నాలుగు ఇళ్ళు ఇచ్చారు. రాళ్ళన్నీ కె80లో. రాయి లేకుండా వాపొక్కటే ఉంటే కె81. సంచికొచ్చే మిగతా రోగాలు కె82, గొట్టాలవి కె83.

కె80లోకి వెళ్తే అసలు మజా. రాయి ఎక్కడుంది, సంచిలోనా, గొట్టంలోనా, రెండు చోట్లా? దాంతోపాటు వాపుందా? ఉంటే అది సంచి వాపా, గొట్టం వాపా? కొత్తదా, పాతదా, పాతదాని మీద కొత్తదా? చివరికి, అడ్డు ఉందా లేదా? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు కలిపి ఒకే కోడ్‌లో ఉంటాయి. సంచిలో రాయి, అక్యూట్ వాపు, అడ్డు లేదు: కె80.00. అదే అడ్డుంటే కె80.01. క్రానిక్ వాపైతే కె80.10. రెండూ కలిసుంటే కె80.12. వాపే లేకపోతే కె80.20. రాయి గొట్టంలో ఉండి గొట్టం వాస్తే కె80.3లోకి, గొట్టంలో ఉండి సంచి వాస్తే కె80.4లోకి. చదువుతుంటే చుట్టరికాలు చెప్తున్నట్టు ఉంటుంది, పెదనాన్న తోడల్లుడి మరదలు అన్నట్టు.

నా మొదటి పెద్ద తప్పు ఇక్కడే. చేరిన రెండో నెల. డాక్టర్ శుభ్రంగా రాశాడు: కోలెలిథియాసిస్ (అంటే రాళ్ళు), అక్యూట్ కోలిసిస్టైటిస్. నేనూ శుభ్రంగా రెండు కోడ్‌లు వేశాను, రాయికి కె80.20, వాపుకి కె81.0. రెండు జబ్బులు, రెండు కోడ్‌లు, ఇందులో తప్పేముంది? ఆడిట్‌లో ఎర్ర రంగులో తిరిగొచ్చింది. మా సీనియర్ అక్క నా కుర్చీ పక్కన నిలబడి "కె80.20 పూర్తి పేరు చదువు" అంది. చదివాను, సంచిలో రాయి, కోలిసిస్టైటిస్ లేకుండా. "కె81.0 చదువు." అక్యూట్ కోలిసిస్టైటిస్. "మరి వాపు ఉందంటున్నావా లేదంటున్నావా?" ఒకే పేషెంట్‌కి ఒకే క్లెయిమ్‌లో వాపు లేదనీ ఉందనీ రెండూ చెప్పాను. పైగా కె81 కింద ఎక్స్‌క్లూడ్స్ 1 అని నోట్ ఉంటుంది, రాళ్ళతో కూడిన వాపైతే ఇక్కడికి రావద్దు, కె80కి పో అని. ఎక్స్‌క్లూడ్స్ 1 అంటే రెండూ ఒకచోట కూర్చోకూడదు, ఎక్స్‌క్లూడ్స్ 2 అయితే కూర్చోవచ్చు. ఆ నెల నా క్వాలిటీ 95 శాతానికి కిందపడి ఇన్సెంటివ్ పోయింది, కె80.00 మాత్రం జన్మలో మర్చిపోను.

రాయికీ వాపుకీ సంబంధం ఉందని డాక్టర్ విడిగా రాయక్కర్లేదు, అది ఇంకో సంగతి. పుస్తకంలో "విత్" అనే మాటతో రెండిటినీ ముడేసి ఉంటే, డాక్టర్ కాదని చెప్పనంతవరకూ సంబంధం ఉన్నట్టే లెక్క. ఇది మా పనిలో అరుదైన వెసులుబాటు. మిగతా ఎక్కడా మేం ఊహించకూడదు. అందరికీ కనపడుతున్నా సరే, ఊహించకూడదు.

ఉదాహరణకి ఐదో అంకె, అంటే అడ్డు సంగతి. సర్జన్ ఆపరేషన్ నోట్‌లో "సంచి మెడలో రాయి ఇరుక్కుని ఉంది" అని రాస్తాడు. ఇంపాక్టెడ్ స్టోన్. తెలుగులో చెప్పుకుంటే ఇరుక్కోవడమంటే అడ్డం పడ్డట్టే కదా? సంచి ఉబ్బిపోయి ఉంది, లోపల పసరు బదులు తెల్లటి నీరు ఉంది, ఇంకేం కావాలి? కానీ పుస్తకంలో కె80.2 కింద గాల్ స్టోన్ పక్కన ఇంపాక్టెడ్ అనే మాటని బ్రాకెట్లో పెట్టారు. బ్రాకెట్లో ఉన్న మాట ఉన్నా లేకపోయినా కోడ్ మారదని మా వాళ్ళ సూత్రం. కాబట్టి రాయి ఇరుక్కున్నంత మాత్రాన అడ్డు ఉన్న కోడ్‌కి పోకూడదు, అబ్‌స్ట్రక్షన్ అనే మాట సర్జన్ కలంలోంచి రావాలి. దీని మీద మా టీంలో ఒకసారి పెద్ద యుద్ధమే జరిగింది. ఎండీ హోమియో చదివి కోడింగ్‌కి వచ్చిన ఒకతను "శరీరం ఎలా పనిచేస్తుందో తెలిసినవాడిని, నాకు బ్రాకెట్లు చెప్తారా" అని రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. అతను చెప్పింది వైద్యంగా తప్పు కాదు. మేం కోడ్ చేసేది కడుపులో ఉన్నదాన్ని కాదు, కాగితం మీద ఉన్నదాన్ని, అంతే.

అనుమానంగా ఉంటే క్వెరీ పంపొచ్చు. అంటే డాక్టర్‌ని అడగొచ్చు. దానికీ ఓ పద్ధతి. "అయ్యా, అబ్‌స్ట్రక్షన్ అని రాయండి" అనకూడదు, అది నోట్లో మాట పెట్టడం. "రాయి మెడలో ఇరుక్కుందని రాశారు, సంచి ఉబ్బిందని రాశారు, దీని ప్రాముఖ్యం ఏంటో చెప్పగలరా" అని కిందో నాలుగు ఆప్షన్లు, అందులో "వేరే ఏదైనా", "చెప్పలేం" కూడా పెట్టి పంపాలి. డబ్బు మాట అసలు రాకూడదు. అవతల సర్జన్ రోజుకి ఆరు కేసులు చేసి ఉంటాడు, ఇలాంటి కాగితం చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒకాయన జవాబు పెట్టాడు, "గాల్ బ్లాడర్ ఇప్పుడు బకెట్‌లో ఉంది, ఇంకేం ప్రాముఖ్యం?" అని. మా టీం లీడర్ ఆ జవాబు ప్రింట్ తీసుకోనివ్వలేదు, లేకపోతే అందరం డెస్క్ మీద అంటించుకునేవాళ్ళం.

అయితే ఆ మాటలకి విలువ ఉంది మరి. ఇన్‌పేషెంట్‌గా చేరినవాళ్ళకి గాల్ బ్లాడర్ లాపరోస్కోపీలో తీసేస్తే, సాధారణంగా కేసు 417, 418, 419 అనే మూడు గ్రూపుల్లో ఒకదాంట్లో పడుతుంది. పక్కన పెద్ద కాంప్లికేషనో, ఇంకో పెద్ద జబ్బో ఉంటే 417, ఓ మోస్తరుదైతే 418, ఏదీ లేకపోతే 419. గ్రూప్‌ని బట్టి ఆసుపత్రికి వచ్చే మొత్తం మారుతుంది. కాబట్టి రాయనిది రాసినట్టు కోడ్ చేస్తే మోసం కింద లెక్క, రాసినది వదిలేస్తే ఆసుపత్రికి నష్టం. మధ్యలో తొమ్మిది గంటల షిఫ్ట్‌లో మేం.

ఇక బయాప్సీ రిపోర్ట్ గోల. గాల్ బ్లాడర్ తీశాక పాథాలజీకి పంపుతారు, అక్కడ డాక్టర్ మైక్రోస్కోప్ కింద చూసి రాస్తాడు. సర్జన్ అక్యూట్ అన్నాడు, పాథాలజిస్ట్ అక్యూట్, క్రానిక్ రెండూ ఉన్నాయన్నాడు. ఏది తీసుకోవాలి? పేషెంట్ పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయిన అవుట్‌పేషెంట్ సర్జరీ అయితే, కోడ్ చేసే టైంకి రిపోర్ట్ చేతిలో ఉంటే, పాథాలజిస్ట్ మాట తీసుకుని కె80.12 వేయొచ్చు. అదే పేషెంట్ వార్డులో ఉన్న ఇన్‌పేషెంట్ అయితే పాథాలజిస్ట్ మాట ఒక్కటే చెల్లదు, చూసుకున్న డాక్టర్ దాన్ని ఒప్పుకుని రాయాలి. అవే కణాలు, అదే మైక్రోస్కోప్, మంచం మాత్రం వేరు. కొత్తగా చేరిన పిల్లలకి ఇది చెప్పినప్పుడల్లా వాళ్ళ ముఖాలు చూడాలి.

"డౌట్" కూడా అంతే. ఎమర్జెన్సీకి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి అని వచ్చారు, డాక్టర్ "ప్రాబబుల్ కోలిసిస్టైటిస్" అని రాసి ఇంటికి పంపేశాడు. అవుట్‌పేషెంట్ కాబట్టి ప్రాబబుల్, సస్పెక్టెడ్, రూల్ అవుట్ లాంటివి జబ్బు కింద వేయకూడదు, నొప్పికి మాత్రమే కోడ్, ఆర్10.11. అదే మనిషి వార్డులో చేరి డిశ్చార్జ్ అయ్యేటప్పుడు కూడా డాక్టర్ "ప్రాబబుల్" అనే రాస్తే, అప్పుడు జబ్బు ఉన్నట్టే కోడ్ చేయాలి. మొదట్లో ఇది నాకు పిచ్చి రూల్ లాగా అనిపించేది. తర్వాత అర్థమైంది, ఒక పూట వచ్చి వెళ్ళినవాళ్ళ రికార్డులో లేని జబ్బు ముద్ర పడితే అది వాళ్ళ వెంటే తిరుగుతుంది. వార్డులో ఉంచుకుని, పరీక్షలు చేసి, ఆ జబ్బుకే వైద్యం చేశారంటే ఆ ఖర్చుకి లెక్క చూపాలి.

గ్యాంగ్రీన్‌కి 2018 అక్టోబర్‌లో కొత్త కోడ్ వచ్చింది, కె82.ఏ1. సంచి చిల్లు పడితే కె82.ఏ2. అంతకుముందు సంచి కుళ్ళిపోయినా మామూలు అక్యూట్ వాపు కోడ్‌లోనే కలిసిపోయేది. సర్జన్ నల్లగా మారిపోయిన సంచిని గంటల తరబడి కష్టపడి తీసినా, కోడ్ చూస్తే మాత్రం మామూలు కేసే. ఇప్పుడు ముందు కె80.00 వేసి, దాని పక్కన ఏ1 చేర్చాలి. ప్రతి అక్టోబర్ ఒకటికి ఇలా కొన్ని కోడ్‌లు పుడతాయి, కొన్ని పోతాయి, సెప్టెంబరంతా మాకు ట్రైనింగులు. అంకెల మధ్యలో ఈ ఏ అక్షరం ఏంటో అని మా వాళ్ళు చాలా రోజులు సున్నా అనుకుని కొట్టి ఎర్రర్లు తెచ్చుకున్నారు.

సంచి తీసేశాక మాత్రం దాని పేరు కూడా మిగలదు. గాల్ బ్లాడర్ లేనివాళ్ళకి జెడ్90.49 వేస్తాం, దాని అర్థం "జీర్ణవ్యవస్థలో వేరే భాగాలు తీసేశారు" అని. అపెండిక్స్ తీసేసినా అదే కోడ్. బతికున్నంతకాలం నాలుగు ఇళ్ళున్న అవయవం, పోయాక "ఇతరులు"లో కలిసిపోతుంది.

పోయినా డాక్టర్ల నోట్స్‌లో మాత్రం బతికే ఉంటుందనుకోండి. పదేళ్ళ క్రితం గాల్ బ్లాడర్ తీసేసినట్టు పైన రాసి ఉంటుంది, కింద స్కాన్‌లో "గాల్ బ్లాడర్ నార్మల్" అని ఉంటుంది. టెంప్లేట్ మహిమ. మరోవైపు ఈ మధ్య మాకిచ్చిన సాఫ్ట్‌వేర్ ఒకటి చార్ట్ చదివి తానే కోడ్‌లు చూపిస్తుంది. "కోలిసిస్టైటిస్ లక్షణాలు లేవు" అని రాసి ఉంటే అందులో కోలిసిస్టైటిస్ అనే మాట పట్టుకుని కె81.9 అని పచ్చ రంగులో చూపించింది. మా ఉద్యోగాలు పోతాయని టెన్షన్ పడే పిల్లలకి ఆ స్క్రీన్ చూపించాను. కాస్త తేరుకున్నారు. పూర్తిగా కాదు, నేనూ పూర్తిగా కాదు.

ఇప్పుడు అత్త సంగతికొస్తాను. ఖమ్మంలో ఒక రాత్రి పెళ్ళి భోజనం చేసి వచ్చి పడుకుంటే కుడి డొక్కలో మొదలైన నొప్పి వీపులోకి పాకింది, తెల్లారేదాకా పసరు వాంతులు. పొద్దున ఆసుపత్రికి తీసుకెళ్తే అల్ట్రాసౌండ్‌లో సంచి నిండా రాళ్ళు, గోడ వాచి ఉంది. మర్నాడు లాపరోస్కోపీ. మూడో రోజుకి ఇంటికి. అంతవరకూ బాగానే జరిగింది. పాలసీ ఉంది, బావ మూడున్నరేళ్ళ క్రితం తీసుకున్నాడు. మన దగ్గర చాలా పాలసీల్లో గాల్ బ్లాడర్ రాళ్ళకి రెండేళ్ళ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది కూడా దాటిపోయింది. అయినా క్యాష్‌లెస్ రాలేదు. చేతి నుంచి కట్టుకుని తర్వాత క్లెయిమ్ పెడితే రెండు ప్రశ్నలతో వెనక్కొచ్చింది. బావ కాగితాలన్నీ ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చేశాడు, "నీ పనేగా, చూడు" అని.

నా పనే. తెల్లారి నాలుగింటికి షిఫ్ట్ క్యాబ్‌లో ఇంటికెళ్తూ ఫోన్‌లో జూమ్ చేసి చదివాను.

డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు సరిగ్గానే ఉంది, అక్యూట్ కాల్క్యులస్ కోలిసిస్టైటిస్, అంటే రాళ్ళతో కూడిన కొత్త వాపు. మన క్లెయిమ్ ఫారంలో ఆసుపత్రి నింపే పార్ట్ బి ఉంటుంది, అందులో ఐసీడీ-10 కోడ్‌కి గళ్ళు ఉంటాయి, చాలామంది వాటిని గమనించరు కూడా. మనం వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి మామూలు ఐసీడీ-10, అమెరికా వాళ్ళ సాగదీత లేకుండా నాలుగు అక్షరాలతో ఆగిపోతుంది, అడ్డు గిడ్డు గొడవ అందులో లేదు. అత్తకి రావాల్సింది కె80.0. కౌంటర్‌లో ఎవరో గాల్ స్టోన్స్ అని వెతికి కె80.2 పెట్టేశారు. వాపు లేని రాళ్ళు. నేను ఫ్రెషర్‌గా చేసిన తప్పులో సగం. ఇన్సూరెన్స్ వాళ్ళ మొదటి ప్రశ్న దాని మీదే: వాపు లేనప్పుడు ఎమర్జెన్సీగా చేర్చుకుని మర్నాడే ఆపరేషన్ ఎందుకు చేశారు? న్యాయమైన ప్రశ్న. నేను ఆ సీట్లో ఉన్నా అదే అడిగేదాన్ని.

రెండోది ఇంకా ముదురు. సమ్మరీలో హిస్టరీ దగ్గర "ఐదేళ్ళుగా అప్పుడప్పుడూ కడుపు నొప్పి" అని ఉంది. పాలసీకి మూడున్నరేళ్ళు, నొప్పికి ఐదేళ్ళు. అంటే జబ్బు ముందే ఉంది, దాచిపెట్టి పాలసీ తీసుకున్నారు అని వాళ్ళ లెక్క. పాత స్కాన్ రిపోర్టులన్నీ పంపమన్నారు. పాత స్కాన్‌లే లేవు.

అత్తకి ఫోన్ చేసి, "చేరిన రోజు డాక్టర్‌కి ఏం చెప్పావత్తా?" అని అడిగా.

"ఏం చెప్తానమ్మా, నొప్పితో చస్తుంటే ఓ చిన్న పిల్లాడొచ్చి ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా అన్నడు. గ్యాస్ ట్రబుల్ అయితే ఐదేండ్ల నుంచి ఉన్నది బాబూ అన్న."

గ్యాస్ ట్రబుల్. మన ఇళ్ళల్లో అరవై దాటిన ఏ ఆడమనిషికి లేదు చెప్పండి. పప్పు తింటే గ్యాస్, శనగపిండి తింటే గ్యాస్, కోడలి మాట వింటే గ్యాస్. ఆ కుర్ర డాక్టర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కడుపు నొప్పి అయింది, కడుపు నొప్పి ఇన్సూరెన్స్ డెస్క్ దాకా వెళ్ళేసరికి ఐదేళ్ళ నాటి గాల్ స్టోన్స్ అయింది. రాసినది తప్ప ఇంకేదీ నమ్మకూడదని రాత్రంతా పిల్లలకి పాఠాలు చెప్పి వచ్చిన నేను, అత్త విషయంలో మాత్రం "అలా రాస్తే మాత్రం అలానే తీసుకుంటారా" అని బావతో కలిసి తిట్టాను. తిట్టి, కాస్త సిగ్గుపడి, పడుకున్నాను.

లేచాక బావకి ఏం అడగాలో రాసిచ్చాను. సర్జన్ దగ్గరికి వెళ్ళి, రాళ్ళు మొదటిసారి బయటపడింది ఈ అడ్మిషన్‌లో చేసిన అల్ట్రాసౌండ్‌లోనేనని, ఐదేళ్ళ ఫిర్యాదు అజీర్తి తరహాదని, అంతకుముందు దీనికి స్కాన్ గానీ చికిత్స గానీ జరగలేదని, ఆయన రికార్డ్ చూసి నిజమనుకుంటేనే ఒక లెటర్ ఇవ్వమని. పార్ట్ బిలో కోడ్ సరిచేసి ముద్ర వేయమని. నేను రాసింది మళ్ళీ చదువుకుంటే క్వెరీ లాగానే ఉంది, ఎక్కడా నోట్లో మాట పెట్టలేదు. అలవాటు. ఆయన మంచాయన, అత్తని కూడా పిలిపించుకుని అడిగి మరీ రాసిచ్చాడు. ఆ తర్వాత ఏడు వారాలకి డబ్బులొచ్చాయి, గ్లౌజులకీ, ఇంకేవో చిన్నచిన్న సామాన్లకీ కోసుకుని.

ఈలోగా బయాప్సీ రిపోర్ట్ కూడా వచ్చింది. క్రానిక్ కాల్క్యులస్ కోలిసిస్టైటిస్ విత్ కోలెస్టెరోలోసిస్, క్యాన్సర్ ఆనవాళ్ళు లేవు. చివరి మాట చదివాక అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఉత్తరాదిన గంగా తీరంలో గాల్ బ్లాడర్ క్యాన్సర్ ఎక్కువని చదివినప్పటి నుంచీ, తీసిన ప్రతి సంచినీ ల్యాబ్‌కి పంపారా లేదా అని నాకు ఓ అనుమానం. కోలెస్టెరోలోసిస్ అంటే లోపలి పొర మీద కొవ్వు చుక్కలు చుక్కలుగా పట్టడం, ఎర్రటి పొర మీద పసుపు చుక్కలు, అందుకే దాన్ని స్ట్రాబెర్రీ గాల్ బ్లాడర్ అంటారు, కోడ్ కె82.4. ఆ మాట అత్తకి చెబితే "స్ట్రాబెర్రీ అంటే?" అంది. ఖమ్మంలో ఎక్కడ చూపించను, చిన్న ఎర్ర పండు అన్నాను. "రేగుపండు లాగనా?" అలాగే అనుకో అన్నాను.

సర్జన్ అక్యూట్ అన్నాడు, రిపోర్ట్ క్రానిక్ అంది. అమెరికా చార్టయితే ఇక్కడ ఇంకో క్వెరీ. వదిలేశాను.

దసరాకి వెళ్ళినప్పుడు అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచి, బీరువాలో చీరల కింద నుంచి మూత బిగించిన చిన్న ప్లాస్టిక్ సీసా తీసింది. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చారట, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తోందని అప్పటికే మామయ్య మొత్తుకున్నాడు. ముదురు గోధుమ రంగు రాళ్ళు, పలకలు పలకలుగా, కందిగింజల కన్నా కాస్త పెద్దవి. తొమ్మిదేళ్ళలో ఎన్ని వేల గాల్ బ్లాడర్లకి కోడ్ వేశానో, రాయిని కళ్ళతో చూడటం అదే మొదటిసారి. సీసా ఊపితే గలగలమన్నాయి.

"ఇరవై మూడు," అంది అత్త. "నేనే లెక్కబెట్టిన. నువ్వు బావకి పంపిన నంబర్‌లో ఇది ఉందా?"

"ఏది అత్తా?"

"ఇరవై మూడు అని."

లేదన్నాను. ఒక్క రాయున్నా అదే నంబర్, ఇరవై మూడున్నా అదే నంబర్ అన్నాను.

"మరి ఏం రాస్తరే మీరు అంత రాత్రిళ్ళు కూర్చుని," అని సీసా మళ్ళీ చీరల కింద పెట్టేసింది.